తెరచాప ఎవరి సొత్తు?

"ముందు ఆ పిల్లల కడుపు నింపండి, పడవలెక్కించే సంగతి తర్వాత చూద్దాం."

పేద ముస్లిం పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పిద్దామని, కొండలెక్కిద్దామని, అడవుల్లో నాలుగు రోజులు తిప్పి తీసుకొద్దామని నోరు విప్పిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే మొదటి మాట ఇది. ఈ మాట అంటున్నవారు మనకు శత్రువులు కారు. స్కాలర్‌షిప్పుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగినవారు, బస్తీల్లో ట్యూషన్లు నడిపినవారు, రంజాన్ మాసంలో ఇంటింటికీ రేషన్ మోసుకెళ్లినవారు. వారి చిత్తశుద్ధిని శంకించే అర్హత నాకు లేదు. అయినా ఈ మాటతో నేను ఏకీభవించలేను. ఎందుకంటే ఇందులో పైకి కనిపించే దయ వెనుక ఒక తీర్పు దాగి ఉంది. పేదవాడి బిడ్డకు కావలసింది అన్నం, ఒక కుట్టుమిషను, పదో తరగతి మెమో మాత్రమేనన్న తీర్పు అది. గాలి, నీరు, కొండ, సాహసం అన్నవి కలిగినవారి పిల్లలకు వదిలేయవలసిన మిగులు వస్తువులన్న తీర్పు.

మన యువత పేరిట ఇన్నేళ్లుగా వచ్చిన పథకాలను ఒకసారి గుర్తు చేసుకోండి. కుట్టుపని, మెహందీ, సెల్‌ఫోన్ రిపేరు, ఆటోకు రుణం. ఆ పనుల్లో దేన్నీ నేను తక్కువ చేయను. మా ఇంటి పొయ్యి ఒక తరం పాటు మా అమ్మ కుట్టుమిషను మీదే వెలిగింది. కానీ ఒక సముదాయం పిల్లలను చూడగానే ప్రభుత్వానికీ, పెద్దలకూ, దాతలకూ చేతివృత్తి తప్ప మరొకటి తోచకపోవడం యాదృచ్ఛికం కాదు. జూబ్లీహిల్స్ పిల్లవాడు వేసవి సెలవుల్లో గుర్రపుస్వారీ నేర్చుకుంటే "వాడికి ముందు గణితం వచ్చిందా?" అని ఎవరూ అడగరు. రసూల్‌పురా పిల్లవాడు పడవెక్కితే మాత్రం లెక్కలు, సైన్సు, ఇంట్లో బియ్యం, తండ్రి అప్పు, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

రసూల్‌పురా పేరు ఊరికే ఎత్తలేదు. ఆ బస్తీకి నడిచి వెళ్లేంత దూరంలోనే హుస్సేన్‌సాగర్ ఉంది. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్విన చెరువు అది. ఆయన పేరు మీదుగానే దానికి ఆ పేరు స్థిరపడింది. ట్యాంక్‌బండ్ మీద నిలబడి దూరంగా తెల్లని తెరచాపలు కదలడం మనమందరం చూసినవాళ్లమే. చూసి ఏమనుకున్నాం? సైన్యం వాళ్లవి, క్లబ్బుల వాళ్లవి, మనకు సంబంధం లేనివి అనుకున్నాం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ తెల్లదొరల నుంచి వారసత్వంగా వచ్చిన ఆట అది. దొరలు వెళ్లాక అధికారులకు, సభ్యత్వ రుసుం కట్టగలిగిన కుటుంబాలకు మిగిలింది. ఆ నీటి ఒడ్డున మురుగు వాసన పీల్చి బతికినవారికి మాత్రం ఆ నీటి మీద చోటు లేకపోయింది.

2009లో సుహైం షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించిన తర్వాత ఈ స్థితిలో కొంత మార్పు వచ్చింది. రసూల్‌పురాలోని ఉద్భవ్ పాఠశాల వంటి చోట్ల చదివే పేదపిల్లలు పడవలెక్కారు. అలా ఎక్కినవారిలో కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లి, 470 తరగతి మిశ్రమ విభాగంలో సుధాంశు శేఖర్‌తో కలిసి భారతదేశం తరఫున పోటీపడింది. అదే క్రీడల్లో భోపాల్‌లోని జాతీయ సెయిలింగ్ పాఠశాలలో తర్ఫీదు పొందిన రైతుబిడ్డ నేహా ఠాకుర్ రజతం గెలిచింది. విండ్‌సర్ఫింగ్‌లో ఇబాద్ అలీ కాంస్యం గెలిచాడు. ఇబాద్ అలీ పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? క్రికెటర్ల పేర్లు వరుసగా అప్పజెప్పే మన పిల్లలకు ఆ పేరు వినిపించనే లేదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

అయితే పతకాల గురించి వాదించడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. వంద మంది పిల్లలు పడవెక్కితే పతకం దాకా వెళ్లేది ఒకరో ఇద్దరో. మిగిలిన తొంభై ఎనిమిది మందికి ఏం దక్కుతుందన్నదే అసలు ప్రశ్న.

పిల్లలు మొదట ఎక్కే పడవను ఆప్టిమిస్ట్ అంటారు. సుమారు ఏడు అడుగుల తొమ్మిది అంగుళాల పొడవు, ముప్పై అయిదు కిలోల బరువు, ఒకే తెరచాప. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల వడ్రంగి దీన్ని రూపొందించాడు. ఏ ఉద్దేశంతోనో తెలుసా? సామాన్య కుటుంబం ప్లైవుడ్ పలకలతో ఇంటి దగ్గరే చవకగా తయారుచేసుకోగలిగే పడవ పిల్లలకు ఉండాలని. పేదవాడి కోసం పుట్టిన పడవ నేడు లక్షల ధర పలుకుతోంది. సాహసం కలిగినవారి సొత్తుగా ఎలా మారుతుందో చెప్పడానికి ఈ ఒక్క పడవ చరిత్ర చాలు.

ఆ పడవలో పెద్దవాళ్లు ఉండరు. పదేళ్ల బిడ్డ ఒక్కతే. ఒక చేతిలో చుక్కాని కర్ర, మరో చేతిలో తెరచాప తాడు. శిక్షణ తొలిదినాల్లోనే పడవను కావాలని బోల్తా కొట్టిస్తారు. లైఫ్ జాకెట్ వేసుకున్న బిడ్డ నీటిలో తేలుతూ పడవ అడుగు వైపుకు ఈది, అక్కడ పొడుచుకొచ్చిన పలక మీద బరువు మోపి పడవను తిరిగి నిలబెట్టాలి. ఎక్కి కూర్చుని నీరు తోడిపోయాలి. పడిపోవడాన్ని ఇక్కడ ఎవరూ వైఫల్యంగా లెక్కకట్టరు, అది మొదటి పాఠం. ఇక రెండో సంగతి: ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి ఎటునుంచి వస్తుందో అటే వెళ్లాలంటే, సుమారు నలభై అయిదు డిగ్రీల వాలున కొంతదూరం కుడికి, మలుపు తిప్పి కొంతదూరం ఎడమకు, మళ్లీ కుడికి సాగాలి. ఎప్పుడు తిప్పాలో ఒడ్డు మీద నుంచి అమ్మా నాన్నా చెప్పలేరు, ఉస్తాదూ చెప్పలేడు. బిడ్డే నిర్ణయించుకోవాలి. తప్పయితే ఆ ఫలితమూ ఆమే అనుభవించాలి. మన పిల్లల జీవితంలో, ముఖ్యంగా మన ఆడపిల్లల జీవితంలో, తామే నిర్ణయం తీసుకుని తామే దిద్దుకునే సందర్భాలు ఎన్ని ఉన్నాయో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

'వ్యక్తిత్వ వికాసం' అనే మాట వింటేనే నాకు చిరాకు. హోటల్ హాలులో మైకు పట్టుకుని గంటకింత చొప్పున అమ్మే సరుకు అది. నేను చెబుతున్నది దాని గురించి కాదు.

ఈ తరహా శిక్షణకు ఒక చరిత్ర ఉంది. 1941లో వేల్స్ తీరాన అబర్‌డవీలో 'అవుట్‌వర్డ్ బౌండ్' పాఠశాల మొదలైంది. దాన్ని నడిపించిన ఆలోచన కర్ట్ హాన్‌ది. జర్మనీలో పుట్టిన యూదుడు ఆయన. హిట్లర్‌ను ధిక్కరించి 1933లో జైలు పాలై, ఆ తర్వాత బ్రిటన్ చేరాడు. తనదైన నేలపైనే పరాయివాడిగా ముద్రపడిన ఒక అల్పసంఖ్యాకుడు ఈ విద్యకు రూపకర్త కావడం మనం గమనించదగిన విషయం. ఆయనకు అండగా నిలిచిన నౌకా సంస్థ యజమాని లారెన్స్ హోల్ట్ ఆందోళన మరొకటి. జలాంతర్గాముల దాడిలో ఓడ మునిగినప్పుడు, వయసు మళ్లిన నావికుల కన్నా కండబలం గల కుర్రాళ్లే ముందు ఆశ వదులుకుని ప్రాణాలు విడుస్తున్నారని ఆయన గమనించాడట. ఆ కుర్రాళ్లలో కొరవడింది బలం కాదు, గడ్డు పరిస్థితిని ఒకసారైనా దాటిన అనుభవం.

ఆ కథ చెప్పేవారు మరచిపోయేదేమంటే, అదే యుద్ధంలో బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో వేలమంది భారతీయ లాస్కరులు పనిచేశారు, వేలల్లో ప్రాణాలు కోల్పోయారు. వారిలో సిల్హెట్, నోఆఖాలీ, కొంకణ తీరాల ముస్లింలు ఎంతోమంది. బొగ్గు పొయ్యిల దగ్గర మాడిన ఆ పేదల పిల్లల కోసం ఏ తీరానా ఏ పాఠశాలా తెరవలేదు. సముద్రం మనకు కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల నౌకలు మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రం దాకా, పర్షియా దాకా వెళ్లాయి. గోదావరి లాంచీ నడిపేవాడిని ఇప్పటికీ మనం సరంగు అనే పిలుస్తాం, ఆ మాట పారసీకం నుంచి వచ్చింది. మాట మన నోట మిగిలింది, చుక్కాని మాత్రం చేజారింది.

ఇక్కడ మరొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఒకరు గిరిజన బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్‌ల మీదుగా హిమాలయ శిఖరం దాకా సాగింది. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌ను నాడు ఎంతమంది ఎగతాళి చేసి ఉంటారో ఊహించగలను. "హాస్టల్లో పప్పు నీళ్లు సరిచేయండి ముందు" అన్నవారు తప్పక ఉండి ఉంటారు. అయినా ఆ సంకల్పం ఆగలేదు. దాని వెనుక ఒక వ్యక్తి పట్టుదలతో పాటు ప్రభుత్వ సొమ్ము, ప్రభుత్వ బడి, ప్రభుత్వ బాధ్యత ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ గురుకుల బిడ్డనూ 'నీకెందుకు కొండలు' అని అడిగే ధైర్యం ఎవరికీ లేకుండా పోయింది.

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగాయి. అది చిన్న విషయం కాదు, మన పోరాటానికి దక్కిన ఫలితం. కానీ వాటిలో చాలా బడులు అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. పరిగెత్తడానికి ఆవరణ లేని చోట కొండలూ కొలనులూ ఎక్కడివి? ఎక్కడో ఒక ఉత్సాహవంతుడైన ప్రిన్సిపాలు పూనుకుని నలుగురు పిల్లలను పడవ దాకా తీసుకెళ్తే సంతోషమే. నేను అడుగుతున్నది ఆ నలుగురి గురించి కాదు. ఏడో తరగతి దాటే లోగా ప్రతి గురుకుల బిడ్డకూ ఈత రావాలి. ఒక్కసారైనా గుడారంలో నిద్రపోవాలి, తాడు పట్టుకుని గుట్ట ఎక్కాలి. దీన్ని పాఠ్యప్రణాళికలో భాగంగా రాయండి, బడ్జెట్‌లో పద్దుగా చూపండి. మన ప్రజాప్రతినిధులు ఎన్నికల వేళ ఎన్నో వాగ్దానాలు చేస్తారు. ఈ ఒక్కటి అడిగి చూడండి, ముందు నవ్వుతారు. ఆ నవ్వు మనకు అలవాటే.

ఈత మాట వచ్చింది కనుక ఒక జ్ఞాపకం. నా చిన్నతనంలో మా గల్లీలో నాకన్నా రెండేళ్లు పెద్దవాడైన కుర్రవాడు ఉండేవాడు. పతంగులు ఎగరేయడంలో వాడికి సాటి లేదు. ఒక జుమా రోజు మధ్యాహ్నం స్నేహితులతో కలిసి రాళ్ల క్వారీ గుంతలో స్నానానికి దిగి మళ్లీ పైకి రాలేదు. ఒడ్డున ఉన్న అయిదుగురిలో ఒక్కరికీ ఈత రాదు. వాడి అమ్మీ ఆ తర్వాత మా ఇళ్లలో ఏ పిల్లవాడినీ నీటి దగ్గరకు పోనివ్వలేదు. "పానీ కా నామ్ మత్ లేవ్ బేటా" అనేది. ఆమె భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయం వల్ల మేమెవ్వరం ఈత నేర్చుకోలేదు, గుంతలు మాత్రం అలాగే తెరుచుకుని ఉన్నాయి. 2022 ఒక్క ఏడాదిలోనే ఈ దేశంలో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2019లో కచ్చులూరు వద్ద గోదావరిలో లాంచీ మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు తుడిచిపెట్టుకుపోయాయో మనం చూశాం. పిల్లలను నీటికి దూరంగా ఉంచడం రక్షణ కాదు. నీటిని తెలిసిన పెద్దవారి సమక్షంలో, లైఫ్ జాకెట్ వేసి, నీటిలోకి దింపడమే రక్షణ.

ఇక ఆడపిల్లల విషయం. దీని మీద మన ఇళ్లలో గొంతులు పెరుగుతాయని తెలిసే రాస్తున్నాను.

"పరాయి మగవాళ్ల ముందు తడిసిన బట్టలతోనా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. మహిళా శిక్షకులు ఉండాలి, ఆడపిల్లలకు విడి సమయం ఉండాలి, బట్టలు మార్చుకునే గది ఉండాలి అని అడగడం. నిజానికి ఎండకు, గాలికి తట్టుకోవడానికి సెయిలింగ్ చేసేవారు ఎలాగూ నిండు చేతుల చొక్కా, పొడవాటి పైజామా, టోపీ వేసుకుంటారు. పైన లైఫ్ జాకెట్ ఉంటుంది. హిజాబ్ దేనికీ అడ్డు రాదు.

ధర్మం పేరు చెప్పి అడ్డుపడేవారికి ఉమ్మె హరామ్ (ర.అ) వృత్తాంతం గుర్తుచేస్తాను. తన సముదాయంలోని వారు సింహాసనాల మీద రాజుల్లా సముద్రంపై పయనిస్తారని దైవప్రవక్త (స) ఆమె ఇంట చెప్పినప్పుడు, వారిలో తననూ చేర్చమని దైవాన్ని ప్రార్థించవలసిందిగా ఆమె కోరింది. ఆయన "నీకెందుకమ్మా సముద్రం" అనలేదు, ఆమె ఆ తొలివారిలోనే ఉంటుందని చెప్పారు. ఆమె ఓడ ఎక్కింది. సైప్రస్ దీవిలో లార్నకా పట్టణం దగ్గర ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె సమాధిగా చెప్పే చోటు నేటికీ ఉంది. హజ్రత్ ఆయిషా (ర.అ)తో ప్రవక్త (స) పరుగు పందెం వేశారన్న హదీసు మనందరికీ తెలిసిందే. ఈత నేర్చుకోవడాన్ని వృథా కాలక్షేపాల జాబితాలో చేర్చరాదని చెప్పే హదీసు నసాయీ సంకలనంలో ఉంది. తర్వాతి తరాల భయాలను తెచ్చి ధర్మానికి అంటగట్టింది మనమే.

మన లోపాలు ఇంతగా చెప్పాను కనుక, ఇటువంటి శిక్షణలు నడిపే స్వచ్ఛంద సేవకుల విషయంలోనూ నిర్మొహమాటంగా ఉండాలి. ఆదివారం నిద్ర మానుకుని, సొంత పెట్రోలు పోసుకుని, ఎవరి పిల్లలకో తాడు ముడులు నేర్పేవారికి నేను సలాం చేస్తాను. అయితే ఆ పిల్లల గురించి రాసే ప్రతి వార్తా 'మురికివాడ నుంచి' అన్న మాటతోనే ఎందుకు మొదలు కావాలి? తాగుబోతు తండ్రి, ఇళ్లలో పాచిపని చేసే తల్లి, చిరిగిన చెప్పులు ఫోటోలో కనిపిస్తే తప్ప విరాళం రాదా? ఆ బిడ్డ రేపు బడికి వెళ్లి అదే వార్తను తోటివారి చేతుల్లో చూడవలసి వస్తుంది. పైగా గెలిచే పిల్లలను ఏరుకుని మిగతావారిని మెల్లగా వదిలేసే ధోరణి అన్నిచోట్లా కనిపిస్తోంది. పన్నెండేళ్లకు పడవెక్కించి, పద్నాలుగేళ్లకు "నీలో వేగం లేదు" అని పంపేస్తే ఆ బిడ్డకు మిగిలేది ఒక కొత్త అవమానం. పిల్లలతో రాత్రిళ్లు శిబిరాల్లో ఉండే పెద్దల పూర్వాపరాలు విచారించడం మరవకూడని మరో విషయం. మంచిపని చేస్తున్నారు కనుక అడగకూడదన్న మొహమాటం పిల్లల విషయంలో పనికిరాదు. అడగండి. నిజాయితీపరులు నొచ్చుకోరు.

అన్నిటికీ మించి, స్వచ్ఛంద సేవ అనేది సేవకుల ఓపిక ఉన్నంతవరకే. ఒకరికి బదిలీ అయితే, మరొకరికి జబ్బు చేస్తే పడవలు ఒడ్డున బోర్లా పడి ఉంటాయి. అందుకే ఇది హక్కుగా ఉండాలంటున్నాను.

ఇక చివరిగా, సాధారణంగా మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. పది మంది ముస్లిం కుర్రాళ్లు తాళ్లు, గుడారాలు, సంచులతో ఒక గుట్ట మీద కనిపిస్తే ఏమవుతుంది? ఒకసారి మా ప్రాంతపు యువకులను అలా తీసుకెళ్లాలనుకున్నప్పుడు ఒక తండ్రి నా చేయి పట్టుకుని అడిగాడు: "మాస్టర్ సాబ్, శిక్షణ శిబిరం అనే మాట రాయకండి. రేపు పోలీసులు వస్తే మీరు జవాబు చెప్తారా?" నా దగ్గర జవాబు లేదు. కరపత్రంలో 'విహారయాత్ర' అని రాశాం. మరో సముదాయం పిల్లలు చేస్తే సాహసం, మన పిల్లలు చేస్తే అనుమానం. ఇది ఒక్క ఇక్కడి కథే కాదు. బ్రిటన్‌లో హారూన్ మోటా ప్రారంభించిన 'ముస్లిం హైకర్స్' బృందం 2021 క్రిస్మస్ నాడు పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడకకు వెళ్లి ఫోటోలు పెడితే జాత్యహంకారపు వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. కొండ మీద నడిచినందుకు! వారు నడక మానలేదు. బృందం ఇంకా పెరిగింది.

ఆ తండ్రి భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ భయం మన పిల్లలను గల్లీ చివర పాన్ డబ్బా దగ్గరే ఆపేస్తే నష్టం ఎవరిది? గుట్టలూ చెరువులూ ఈ దేశపౌరులందరివీ. అనుమానించేవారికి జవాబు మనం దాక్కోవడం కాదు. జిల్లా క్రీడాధికారికి ముందుగా లేఖ ఇచ్చి, స్థానిక ఠాణాలో తెలియజేసి, అన్ని మతాల పిల్లలనూ కలుపుకుని, పట్టపగలు బ్యానరు కట్టుకుని వెళ్లాలి. మరోసారి వెళ్లాలి. చూసేవారి కళ్లకు ఆ దృశ్యం అలవాటు అయ్యేదాకా వెళ్లాలి. ఈసారి కరపత్రంలో 'శిక్షణ శిబిరం' అనే రాస్తాను.

ఖర్చు ఎవరు పెడతారని అడుగుతారు. ప్రభుత్వం పెట్టాలి, అది దాని విధి. అది కదిలేలోగా మనం చేయగలిగింది లేకపోలేదు. పడవల జోలికి వెంటనే పోనక్కరలేదు. ఒక ఈత కొలను గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది, భువనగిరి గుట్టకు బస్సు ఉంది. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ముఫ్తీలు తేల్చవలసిన విషయం, నేను జోక్యం చేసుకోను. సదకాకు ఆ చిక్కు లేదు. ఒక్క వలీమా విందులో రెండో రకం బిర్యానీ, మూడో రకం మిఠాయి మానుకుంటే ఒక గల్లీ పిల్లలందరికీ ఈత వస్తుంది. మొన్న మా మస్జిద్ కమిటీలో ఈ మాట ఎత్తితే ఒక పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, "నా మనవరాలికి తొమ్మిదేళ్లు. ఆడపిల్లలకు నేర్పే ఉస్తానీ ఉందా?" అని అడిగారు. ఇంకా లేదు. వెతుకుతున్నాం. ఈత వచ్చి, వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన అక్కలు, చెల్లెళ్లు ఈ పత్రిక చదివేవారిలో ఉంటే ముందుకు రండి.